లాన్ నడుమ ముగ్గు

ఇస్నాపూర్‌లో మా కొత్త ఇంటి ముందు, అచ్చం మా ఫ్యాక్టరీ ఆఫీసు ముందున్నట్టే, పోయిన నెల లాన్ వేయించాను. ఈ రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి దాని నడుమ చాపంత మేర గడ్డి మాయం. అమ్మ పారతో చెక్కేసి, పేడనీళ్లు చల్లి, పద్మం ముగ్గు వేసింది.

"ఏందమ్మా గిది!" అని అరిచాను.

"వాకిలంత గడ్డి వెడితివి. నేను ముగ్గేడ ఎయ్యాలె, నీ నెత్తి మీదనా?" అంది.

ఇంతలో ఎదురింటి సారు గేటు దగ్గర ఆగారు. "డిజైన్ మస్తుంది! ఏ మాలి చేసిండు?"

"మా అమ్మనే సార్" అన్నాను, అరిచిన సంగతి మర్చిపోయి.

సారు తమ లాన్‌లోనూ అలాంటిదే వేయమన్నారు. రేపు అమ్మ వాళ్లింటికి వెళ్తోంది, పార పట్టుకుని. మీ లాన్‌లో ముగ్గుకు జాగా ఉందా? లేకపోతే చెప్పండి, పంపిస్తాను.