చౌక ఊరు

మునీంద్ర మా కర్నూలు ఆఫీసులో నా పక్క సీటు. ఒంటరి బతుకు, ఒక గది, ఒక కంచం. భార్య పోయి ఆరేళ్లు, పిల్లల్లేరు. ఆయనకు లోకంలో నా అనేవాడు నాగరాజ్ ఒక్కడే. కోడుమూరులో చిన్నప్పటి నేస్తం, మా విత్తనాల కంపెనీ అక్కడి బ్రాంచీలోనే పనిచేస్తాడు. ఆదివారం వస్తే చాలు, మునీంద్ర తెల్లచొక్కా వేసుకుని కోడుమూరు బస్సెక్కేవాడు.

నిరుడు హైదరాబాదులోని మా పెద్దలకు కొత్త బుద్ధి పుట్టింది. ఊరిని బట్టి జీతమట! ఏ ఊళ్లో బతకడానికి ఎంతవుతుందో పట్టిక వేసే పని మునీంద్ర నెత్తిన పడింది. కడపకు, ఆలూరుకు, కోయిలకుంట్లకు ఫోన్లు చేసి బాడుగలు, నీళ్ల ట్యాంకర్లు, భోజనం ధరలు ఓపిగ్గా కనుక్కున్నాడు. కోడుమూరుకు మాత్రం చేయలేదు.

"నా ఊరు నాకు తెల్దా? వారం వారం పోతాండా కదప్పా" అన్నాడు.

పట్టికలో కోడుమూరే అన్నిటికంటే చౌక ఊరుగా తేలింది. నాకైనా బుద్ధుండొద్దూ, చూసి ఊరుకున్నాను.

నెల తిరిగేసరికి అక్కడివాళ్ల జీతాల్లో మూడేసి వేలు తెగ్గోశారు. నాగరాజ్ ఫోన్ ఎత్తడం మానేశాడు. మునీంద్ర ఆదివారాలు గదిలోనే గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. అన్నం కూడా సరిగ్గా వండుకునేవాడు కాదు. చూడలేక నేనే వెంటబెట్టుకుని కోడుమూరు తీసుకుపోయాను.

నాగరాజ్ బస్టాండు పక్క హోటల్లో టీ తాగుతున్నాడు. మమ్మల్ని చూసి కూర్చోమనలేదు. మునీంద్రే ఎదురుగా కూర్చున్నాడు. మాకూ రెండు టీలు వచ్చాయి.

"నేను అబద్ధం రాయలేదప్పా. ఈడ నాకెప్పుడూ ఖర్చయిందే లేదు" అన్నాడు మునీంద్ర.

"యాడైతాది?" అన్నాడు నాగరాజ్. "ఇరవై ఏండ్లుగా నువ్వొస్తాండావు. ఒక్కనాడన్నా నిన్ను జేబులో చెయ్యి పెట్టనిచ్చినానా?"

నాకు ఏడుపొచ్చింది, సిగ్గెందుకు చెప్పడానికి! మునీంద్ర టీ గ్లాసు పక్కకు జరిపి, "మళ్లా రాస్తా. తప్పు నాదేనని పైవాళ్లకు చెప్తా" అన్నాడు.

"రాయప్పా, శానామందికి మేలైతాది" అంటూ నాగరాజ్ లేచి గల్లాపెట్టె దగ్గరికి నడిచాడు.

హోటలాయన ఎప్పటి అలవాటు కొద్దీ, "అందరివీ కలిపేనా అన్నా?" అని అడిగాడు.

"నాదొక్కటే" అన్నాడు నాగరాజ్.