మూత బిగించిన డబ్బా

ఉద్యోగం పోయాక మా ఆయన చేతులు ఊరుకోలేదు. బార్లీ గింజలు తడిగుడ్డలో మొలకెత్తించి, ఎండబెట్టి, సగం మూకుట్లో నల్లగా మాడ్చాడు. ప్రార్థన కూడికలకి నేను టీ కాచే పెద్ద కరెంటు కెటిల్లో వాటిని ఉడికించి, వడకట్టి, చేదుకి మెంతులు, పులియడానికి బ్రెడ్డు ఈస్టు వేసి ప్లాస్టిక్ డబ్బాలో పోశాడు. నల్ల బీరట! మందు కాస్తే జైల్లో వేసే ఈ గల్ఫు దేశంలో, అల్ మన్సూరాలో, పక్క ఫ్లాటులో దగ్గినా వినిపించే ఒంటిగది ఇంట్లో!

"దొరికితే జైలండీ. ఆనక ఇండియాకి విమానం. బుద్ధుందా మీకు?"

"వీసా అయిపోతే ఎలాగూ విమానమేగా. మొదలెట్టింది ఒక్కటైనా పూర్తి కానియ్యవే," అన్నాడు.

మాకు మిగిలింది ఒకే ఆశ. కూడికకి వచ్చే పెద్దాయన ఒకరు తన కంపెనీలో మాట్లాడి ఉద్యోగం ఇప్పిస్తానన్నారు. శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన చేసి, సర్టిఫికెట్లు పట్టుకెళతానన్నారు.

ఆ శుక్రవారం పొద్దున్న ఇల్లంతా కల్లుపాక వాసన. చేపల పులుసు పెట్టినా లొంగలేదు.

"వాసన బయటికొచ్చిందో, మన బతుకు ఇంతటితో సరి," అన్నాను.

"పులిసేదానికి ఊపిరాడాలే," అని గొణిగాడు. గొణుగుతూనే ఆవకాయ జాడీకి కట్టినట్టు మూత మీద కవరు, గుడ్డ వేసి తాడుతో బిగించాడు. డబ్బాని మూలకి నెట్టి దుప్పటి కప్పాడు. దాచడమంటే మా ఇళ్ళల్లో తెలిసింది అదే.

పెద్దాయన మోకరించి, "ఈ బిడ్డల అవసరం నీకు తెలుసు తండ్రీ," అంటున్నారు. ఢామ్మంది. దుప్పటి లేచిపోయింది. నల్లటి నురగ గోడ మీదా, ఆయన తెల్లచొక్కా మీదా. తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయాం ఇద్దరం.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని కెటిల్ వైపు చూశారు. దానిదీ అదే వాసన.

"ఇన్నాళ్ళూ మాకు టీ ఇచ్చింది ఇందులోనేనా, సిస్టర్?"

సర్టిఫికెట్లు బల్లమీదే ఉండిపోయాయి. ఆయన ఎవరికీ చెప్పలేదు, మాకూ మళ్ళీ ఫోను చెయ్యలేదు. చెయ్యరని ఆ పూటే తెలిసిపోయింది.

ఆయన అటు వెళ్ళాక తిడుతూ నేల తుడుస్తున్నాను. మా ఆయన గోడ తుడుస్తూ తుడుస్తూ వేలు నాకి చూశాడు.

"బాగా కుదిరిందే," అన్నాడు.

కొట్టబోయినదాన్ని, నేనూ వేలు పెట్టి చూశాను. నిజంగానే కుదిరింది. అప్పుడొచ్చింది ఏడుపు.