బొట్టు పెడితే బెదిరిన మౌసు

ఆ రోజుల్లో అంటే నేను గౌను వేసుకున్న రోజులు అనుకునేరు. నాకు చిన్నతనం నలభై దాటినాక వచ్చింది. అంతకు ముందు నగరిలో మరమగ్గం కాడ నిలబడుకోవడమే సరిపోయింది, చిన్నపిల్లగా ఉండను తీరిక యాడిది? పెద్దోళ్ళకు పెట్టిన సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాక (నేర్పిన టీచరమ్మ నాకంటే చిన్నది, నేను తప్పు రాస్తే ఆమె ఏడుపు మొహం పెట్టేది) బస్సు బోర్డులు, సబ్బు కాగితాలు, గోడల మీద పార్టీల రాతలు, కనపడిందల్లా గట్టిగా పైకి చదివేదాన్ని. బస్సులో నా పక్కన కూర్చోను జనం జంకేవాళ్ళు.

ఆ ఊపులోనే మా ఆడబిడ్డ డిజైన్ల అంగడికి పోయి, నాకు కంప్యూటర్ కాడ కుర్చీ కావాలని అడిగినాను. చీర మీదికి వచ్చే పువ్వూ, నెమలీ, అంచూ మగ్గం ఎక్కే ముందు కంప్యూటర్లో గళ్ళు గళ్ళుగా గీయాల. ఆ పని ఆమెది. మగ్గాల మోతకు నా చెవులు అప్పటికే సగం పోయినాయి, మిగతా సగమన్నా కాపాడుకుందామని నా ఆశ. ఆడబిడ్డ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఆయుధపూజ దాకా చూస్తా వదినా. అప్పటికి చెయ్యి కుదరలేదంటే మళ్ళీ మగ్గాల షెడ్డుకే" అనింది. సరేలే పో అన్నాను.

ఆమె అప్పుడే కొత్త రకం మౌసు తెప్పించి ఉండింది. బటన్లు లేవు, చక్రం లేదు, తోక లేదు. తెల్లగా, నున్నగా, సగం అరిగిన సబ్బుబిళ్ళ మాదిరి. వేలు తాకితే చాలు, అదే తెలుసుకుంటుందంట. దాని గొప్పా అదే, దాని రోగమూ అదే. మగ్గం మనిషి చెయ్యి ఊరికే ఉండదు. నేసే బట్ట మీద వేళ్ళు నడిపిస్తానే ఉంటాం. పోగు తెగినా, వదులైనా కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. ఆ అలవాటుకొద్దీ నేను ఆలోచన చేస్తా మౌసును నిమిరేదాన్ని. నిమిరిందల్లా దానికి హుకుమే! ఇట్లా నిమిరితే బొమ్మ పైకి, అట్లా నిమిరితే పక్కకు, రెండు తట్లు తట్టితే బొమ్మ ఇంతలావు. కుడిపక్క నొక్కాలంటే ఎడమ వేలు గాల్లో ఎత్తిపట్టుకోవాల. ఆనించినామా, దానికి కుడి ఏదో ఎడమ ఏదో తెలియదు.

"చెయ్యి ఆనించుకోను తావు లేని పనిముట్టు యాడన్నా ఉంటుందా మేయ్?" అని నేను.

"తాకీ తాకనట్టు పెట్టు వదినా" అని ఆమె. (అది ఎట్లా పెట్టాలో నాకు ఈ పొద్దుకీ తెలియదు.)

ఇంకో కత. దానికి ఛార్జింగు పెట్టే బొక్క కడుపు కింద ఉండేది. ఆకలైనప్పుడల్లా వెల్లకిలా పడుకోబెట్టి వైరు తగిలించాల. అది తినేదాకా మనం చేతులు కట్టుకోని కూర్చోవాల. అల్లుడికి కూడా నేను అంత మర్యాద చేయలేదు.

ఆయుధపూజ రానే వచ్చింది. కొంగు మీద తోక విప్పి నిలబడిన నెమలి, నేను గీసిన మొదటి బొమ్మ, తయారై ఉండింది. చూడను తిరుపతి నుంచి బీబక్క వచ్చింది. బట్టల అంగడి వాళ్ళాయనది, ఏ చీర కొనాలనే మాట మాత్రం ఈమెది. ఆమె ఒప్పుకుంటే కుర్చీ నాది. నేను తలకు పోసుకోని, కంప్యూటర్ తుడిచి గంధం, కుంకుమ పెట్టినాను. అన్నిటికీ పెట్టి దీనికి పెట్టకుంటే బాగుంటుందా? మగ్గానికి పెట్టినట్టే తడిగంధం మౌసు నెత్తిన మూడువేళ్ళతో బాగా పూసి, నడిమధ్యన కుంకుమ అద్దినాను.

నెమలి లేచింది. పక్కకు పరిగెత్తింది, పైకి ఎగిరింది, తిరిగొచ్చి ఉబ్బింది. గంధం జారేకొద్దీ ఉబ్బి ఉబ్బి, కడాకు తెర నిండా ఒక కన్ను మిగిలి మమ్మల్ని ఉరిమి చూసింది.

"అరే! నీ నెమలికి నేనంటే అంత కోపం ఏమమ్మా?" అనింది బీబక్క.

ఆడబిడ్డ మొహం గంధం కంటే పాలిపోయింది. "ఏం పని వదినా ఇది! తడి తగిలితే అది వేలనుకుంటుంది. రేపట్నుంచి షెడ్డుకు పో."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. నా నోరు అట్లాంటప్పుడే బాగా లేస్తుంది. "బొట్టు పెడితే బెదిరే పనిముట్టు నాకొద్దు. ఆ అట్టపెట్టెలో పడేసినావే పాతది, తోకది, దాన్ని ఇయ్యి. ఈ ఒక్క తూరి" అన్నాను.

బీబక్క ముందర కాదనలేక ఆడబిడ్డ తీసిచ్చింది. వైరు గుచ్చినాను. వేళ్ళతో నిమిరినాను, కదల్లేదు. ఎంత నెమ్మది! నొక్కితే టక్కుమనింది, నా సగం చెవికి కూడా వినబడింది. నెమలిని చిన్నది చేసి దాని తావులో నిలబెట్టినాను. బీబక్క ముందుకు వంగి చాలాసేపు చూసి, "తోక కొంచెం గుబురుగా చెయ్యి. కన్ను మాత్రం అట్లే ఉండనీ, ఆ ఉరుము బాగుండాది" అనింది. ఆ చీర మగ్గం ఎక్కింది, నేను కుర్చీ దిగలేదు.

ఇప్పుడు నాకు చెవులూ అంతంతే, చూపూ అంతంతే. ఆ తెల్ల మౌసు ఎన్నడో చచ్చిపోయింది, అంగట్లో దేవుడి పటాల ముందర పెట్టినాను. ప్రతి ఆయుధపూజకూ బొట్టు పెడతాను. ఊరికే, చల్లగా పడి ఉంటుంది పాపం, ఇప్పుడు పైన పెట్టినా అది చేసేదేమీ లేదు. అయినా నా చెయ్యి పైకి పోదు. మెల్లగా వెల్లకిలా తిప్పి, కడుపు మీద, తాకీ తాకనట్టు పెడతాను.