పోయిండన్న మాట

ఫాదర్ ఇన్నయ్య మాట్లాడటం కంటే వినడం బాగా నేర్చిన మనిషి. మౌనానికి పెద్దపీట వేసే సిస్టర్షియన్ మఠంలో ఇరవై ఏళ్లు గడిపాడు మరి! చేలో పని, గుడిలో ప్రార్థన అయ్యాక మిగిలిన పొద్దంతా గుంటూరు జిల్లా ఊళ్ల చరిత్రలు రాసుకునేవాడు. ఖతార్‌లోని మనవాళ్లు తెలుగొచ్చిన ఫాదర్ కావాలని అడిగితే, మఠం పెద్దలు 1992లో ఆయన్ని పంపారు.

శుక్రవారాలు అల్ ఘర్రాఫాలో ఒక విల్లా హాల్లో పూజ చేసేవాడు. అదయ్యాక, మతం గితం చూడకుండా, వచ్చినవాళ్లను కూర్చోబెట్టుకుని ఏ ఊరు, ఎవరి వెంట వచ్చావు అని అడిగి నోటుబుక్కులో ఎక్కించేవాడు. ఖతార్ తెలుగువాళ్ల చరిత్ర రాయాలని ఆయన పంతం. చెప్పినవాడి మాట ఒక్క అక్షరం మార్చకుండా రాయడం ఆయన పద్ధతి.

1996లో ఒక శుక్రవారం శకుంతల వచ్చింది. జగిత్యాల పక్క పల్లె. ఐన్ ఖాలిద్‌లో ఒకరింట పనికి కుదిరింది.

"అయ్యా, మా అన్న రాజన్న మూడేండ్ల సంది ఉత్తరం రాస్తలేడు. మా ఊళ్లె అన్నిటికి దుబాయే అంటరు గదా, అంతా ఆడనే దేవులాడిచ్చిండ్రు. ఈడ ఉండెనని నాకు వచ్చినంకనే తెలిసింది. ఇంటికాడ వదినను బొట్టు తియ్యమంటున్నరు. మీ బుక్కుల అందరు ఉంటరట?"

ఫాదర్ బుక్కు తెరిచాడు. రాజన్న బుక్కులో ఉన్నాడు, చనిపోయినవాళ్ల పేజీలో. ఏటా నవంబరులో అతని ఆత్మశాంతికి పూజ కూడా చేస్తున్నాడు. తను ఒక్కమాటంటే అక్కడ ఆ ఇల్లాలి బొట్టు పోతుంది. తన నోటితో అనలేక, రాసుకున్నదే చదివాడు: "డ్రైవర్ బాషా చెప్పిన మాట: నేను రాజన్నతోని వచ్చిన. ఆయన పోయిండు, పోయిన రంజాన్‌ల."

ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఇంకా ఆయన మొహంలోకే చూస్తోంది.

"యాడికి పోయిండయ్యా?"

ఓరి దేవుడా! గుంటూరులో మనిషి పోయాడంటే ఇక లేడనే. జగిత్యాలలో పోయిండంటే వెళ్ళాడని. ఇన్ని ఊళ్ల చరిత్ర రాసినవాడికి ఆ ఒక్క ప్రశ్న తట్టలేదు. అప్పటికప్పుడు బాషాకు ఫోన్ చేశాడు.

"ఖోర్‌ల తోటపనికి పోయిండు సాబ్!" అన్నాడు బాషా. "కంపెనీ ఒదిలి పారిపోయి ఖల్లివల్లి అయిండు. కాగితాల్లేవు, దొరుకుతనని ఉత్తరం గూడ రాయడు. నేను చెప్పినప్పుడు మీరు కండ్లు మూసుకుంటే, మంచిగ పోవాలని దువా చేస్తుండ్రనుకున్న."

మరుసటి శుక్రవారం పూజ కాగానే బాషా బండిలో ముగ్గురూ ఖోర్ వెళ్లారు. తోటలో టమాటాలకు నీళ్లు పెడుతున్న రాజన్నను చూడగానే శకుంతల రెండు చేతులా వాయించి, ఆపైన భుజం మీద పడి ఏడ్చింది. ఏడుపులు తగ్గాక రాజన్న ఫాదర్ వైపు తిరిగాడు.

"మీ బుక్కుల నా పేరున్నదటగా. ఏం రాసిండ్రయ్యా?"

దాచడం ఫాదర్‌కు చేతకాలేదు. "చనిపోయావని రాశాను నాయనా. తప్పయింది, క్షమించు."

రాజన్న వంగి కాలువలో నీళ్లను పక్క మడికి మళ్లించాడు.

"మూడేండ్ల సంది నేను గూడ గట్లనే అనుకుంటున్నయ్యా."