ఏదో ఒక రాష్ట్రం

మొన్న మా గేటుకు రంగు వేస్తుంటే, ఆ వాసనకు తొర్రూరు బస్టాండు పక్కన వేసిన దీక్షా శిబిరం గుర్తొచ్చింది. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బడి మూతపడింది. మాకు ఇంగ్లీషు చెప్పే ఖాదర్ సారు పొద్దంతా ఆ టెంటులోనే కూర్చునేవారు. అప్పుడు నేను ఆరో తరగతి.

నా చేతిరాత బాగుంటుందని సారు బ్రష్షు ఇచ్చి, అట్ట మీద ‘వి వాంట్ ఎ స్టేట్’ అని ఇంగ్లీషులో రాయమన్నారు. ‘ఎ’ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఫలానాదని కాకుండా ఏదో ఒకటి అనేటప్పుడు ‘ఎ’ పెట్టాలని బడిలో చెప్పింది ఆయనే.

“సార్, గిట్ల రాస్తే ఢిల్లీవోళ్లు మనకు ఏదో ఒక రాష్ట్రం ఇస్తరేమో. వేరేది ఇస్తే ఎట్ల?” అన్నాను.

టెంటులో అందరూ నవ్వారు. సారు నవ్వలేదు.

“ఇంకా చేతికి రానిదానికి ‘ఎ’నే పెట్టాలె బిడ్డా. వచ్చినంక ‘ది’ అని రాద్దువు. జర ఓపిక పట్టు” అన్నారు.

నా భయం పోయింది. ఆ ‘ఎ’ను మిగతా అక్షరాల కంటే పెద్దగా రాశాను.

సారు నాకు వ్యాకరణం చెప్పారనే చాలా ఏళ్లు అనుకున్నాను. రాష్ట్రం వస్తుందో రాదో తెలియకుండానే రోజూ వచ్చి కూర్చున్న ఆ మనిషి, ఓపిక పట్టమన్న ఆ మాట తనకు కూడా చెప్పుకున్నారని ఇప్పుడు అనిపిస్తుంది.