నాలుగో జ్వరం

మా చిన్నప్పుడు ఇంట్లో జ్వరమొచ్చిందంటే అందరికీ సంతోషమే... నిజం! జ్వరం మాకు కాదు లెండి, పట్టుపురుగులకు.

చింతామణి తాలూకాలో, మురుగమల్ల దగ్గర ఒక చిన్న పల్లె మాది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. ఇంట్లో ఉన్నవే రెండు గదులు. పెద్ద గది పురుగులకు, చిన్న గది మాకు.

పురుగు పాత చర్మం విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి, ఒక రోజంతా కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మా వైపు జ్వరం అంటారు. గూడు కట్టేలోపు అలాంటివి నాలుగు. ఆ రోజు ఆకు కోసే పని లేదు, వేసే పని లేదు. సున్నం పొడి చల్లి, పురుగులుండే తట్టలు కదిలించకుండా ఉంటే చాలు. అమ్మా నాయనా కాసేపు నడుం వాల్చేది ఆ రోజుల్లోనే...

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఒకసారి పురుగులు నాలుగో జ్వరానికి దగ్గరపడ్డాయి. ఆ జ్వరం లేచాక, అంటే చర్మం విడిచి మళ్లీ మేతకొచ్చాక, వాటి ఆకలి మామూలుగా ఉండదు, మా తోటలో ఆకు చాలదు. అందుకని నాయన సాదలిలో ఉండే మా మేనత్తను ఆకు అడగడానికి పొద్దున్నే బస్సెక్కాడు. "జ్వరమొస్తే ఫోన్ చేయండి" అని చెప్పి మరీ వెళ్లాడు.

వచ్చింది... కానీ నాకు!

మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది. అమ్మ మాత్ర మింగించి, నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. నేను మాత్రం "నాయన కావాల" అని ఒకటే రాగం. నాయన పక్కన కూర్చుంటేనే తగ్గుతుందని నా నమ్మకం. ఏం చేస్తారు పాపం... మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, కొంగున రెండు రూపాయి బిళ్లలు ముడేసుకొని అంగడిలోని ఫోన్ దగ్గరికి పరిగెత్తింది. ఒక బిళ్లతో అత్త వాళ్ల ఎదురింటికి చెప్పి నాయనను పిలిపించింది. రెండో బిళ్లతో మాట్లాడింది.

"ఒరే, జ్వరమొచ్చిండాది రా!"

"నాలుగోదేనా మా?"

ఆ ఏడాది నాకు అప్పటికే మూడుసార్లు జ్వరమొచ్చి తగ్గింది. అవ్వ వేళ్ల మీద లెక్కేసుకుంది. "అవునప్పా, నాలుగోదే."

"మంచిదే పోమ్మా. మేత పెట్టద్దండి. సున్నం చల్లి, ఎవురూ కదిలించకుండా వదిలేయండి. ఈ పొద్దు నేను ఈడే ఉండి, రేపు ఆకు కోసుకొని వస్తా."

"బిడ్డకు సున్నం చల్లేదేందిరా..." అని అవ్వ అనేలోపే రూపాయి అయిపోయి లైను తెగిపోయింది.

అవ్వ శివాలెత్తిపోతూ ఇంటికొచ్చింది. "నీ మొగునికి మతి పోయుండాదమ్మా! బిడ్డకు జ్వరమంటే మంచిదే అంటాండాడు. సున్నం చల్లాలంట, కూడు పెట్టకూడదంట!"

అమ్మకు వెంటనే అర్థమైంది. నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అవ్వకు విషయం చెప్పాక కోపం ఇంకా పెరిగింది, ఈసారి తన మీద తనకే. ఇంకో రూపాయి తీసుకొని మళ్లీ అంగడికి పోయింది. అవతల ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదట.

నాకు వాళ్ల నవ్వూ పట్టలేదు, కోపమూ పట్టలేదు. నాయన ఈ రోజు రాడు... అదొక్కటే బుర్రకెక్కింది. గోడవైపు తిరిగి ఏడ్చాను. నాకంటే పురుగులే ముద్దు నాయనకు అనుకున్నాను. చిన్నదాన్ని కదా.

దీపాలు పెట్టే వేళకు వాకిట్లో చెప్పుల చప్పుడు... నాయన! చేతిలో ఆకు మూట లేదు, తీసుకెళ్లిన సంచీ కూడా లేదు. పురుగుల గది వైపు చూడనైనా లేదు. నా పక్కన కూలబడి నుదుటి మీద చెయ్యి పెట్టాడు. గోళ్ల సందుల్లో ఎండిపోయిన రాగిముద్ద నాకింకా గుర్తే.

"నీకెట్ల తెలిసెరా?" అంది అవ్వ.

"అక్క ముద్ద పెట్టింది. తింటా ఉంటే అనిపించె మా... పురుగులకు జ్వరమొస్తే మా అమ్మ గొంతు వణికేదెందుకూ అని. ఇంక ముద్ద దిగలే. తినే తట్ట అట్లే వదిలేసి బస్సుకాడికి వచ్చేస్తిని."

అవ్వ కళ్లు తుడుచుకొని నీళ్లు తేవడానికి లోపలికి పోయింది.

చిత్రమేమిటంటే, ఆ సాయంత్రానికి పురుగులూ నిజంగానే జ్వరానికి పోయాయి! మరుసటి రోజు నాయనకు చేసే పని లేదు. రోజంతా నావాడే... నా జడలు తనే వేశాడు. ఒకటి చెవి మీద, ఒకటి మెడ మీద. "ఇదేందిరా, గొర్రె తోక మాదిరి ఉండాది" అని అవ్వ పకపకా నవ్వింది. తాళింపు ఘాటు పురుగులకు పడదని అమ్మ పెరట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టి మిరియాల చారు కాచింది. నన్ను దుప్పట్లో చుట్టి అక్కడికే ఎత్తుకొచ్చారు. అందరం పొయ్యి చుట్టూ కూర్చొని వేడివేడిగా తాగాం. పండగ కాదు, పబ్బం కాదు... అంత బాగున్న రోజు నాకు ఇంకొకటి గుర్తులేదు.

ఆ సాయంత్రం సాదలి నుంచి మామే, అంటే అత్త భర్త, ఆకు మూటలు బస్సు మీద వేసుకొని వచ్చాడు. గడప దాటకముందే అడిగాడు, "ముందు యాది లేసిందప్పా... బిడ్డ జ్వరమా, పురుగుల జ్వరమా?"

ఇప్పుడు పురుగులకు తోటలో వేరే షెడ్డు ఉంది. ఇంట్లో గదులన్నీ మనుషులకే. ఎవరి ఫోన్ వాళ్ల చేతిలోనే, ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. కానీ అందరికీ ఒకేసారి పని లేని రోజంటూ రావడం లేదు... మీ ఇళ్లల్లో కూడా ఒక మాట ఇంకోలా వినబడి, తర్వాత ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వుకున్నవి ఉంటే రాయండి. నాకు చదవాలని ఉంది.

నేను ఉండేది చింతామణిలోనే, ఊరికి ఎంతో దూరం కాదు. పోయిన వారం రెండు రోజులు జ్వరంతో పడుకున్నాను. నాయన ఎప్పటిలాగే ఫోన్ చేశాడు, "బాగుండావా తల్లీ?" అని.

"బాగుండా నాయనా" అన్నాను... నిజం చెబితే, తినే ముద్ద వదిలేసి వచ్చేస్తాడు.