కరీం చాచా బస్సు టికెట్

"ఈ దుమ్మంతా మా పాప ఛాతీలకే పోతాంది చాచా. గిట్లనే ఉంటె ఈ ఎండాకాలం ఎట్ల దాటుతదో అని భయమైతాంది."

తన ఇంటి ముందు నిలబడి పరమేష్ ఈ మాట అంటుండగానే కరీం చాచా పని మొదలుపెట్టాడు. చొక్కా జేబులోంచి నలిగిన బస్సు టికెట్ తీశాడు. పాత పద్మిని కారు వెనక తలుపు సందులో దాన్ని పెట్టి, తలుపు వేసి, మెల్లగా లాగాడు. టికెట్ నవ్వుకుంటూ బయటికొచ్చింది.

మక్తల్‌లో పాత కార్లకు తలుపు రబ్బర్లు మార్చే కరీం చాచాకు ఉన్న జబ్బు ఇదొక్కటే. మూసి ఉన్నది ఏది కనిపించినా, అది నిజంగా మూసుకుందో లేదో టికెట్ పెట్టి లాగి చూడకుండా ఉండలేడు. మిఠాయి దుకాణం ఫ్రిజ్‌ను చూశాడు. బ్యాంకులో లాకర్ గది తలుపును చూడబోతే వాచ్‌మన్ బయటికి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. కొత్తగా కట్టించుకున్న పళ్ల సెట్టును నోట్లో పెట్టుకుని, పైవాటికీ కిందివాటికీ మధ్య టికెట్ ఇరికించి లాగి, "సందున్నది" అని డాక్టరుకే చెప్పి వచ్చాడు.

ఒకసారి చుట్టాల నిఖాలో బిర్యానీ దేగ్‌ను కూడా వదల్లేదు. మూతకు చుట్టూ పిండి పెట్టి ఉన్నా ఒక పక్క టికెట్ వచ్చేసింది. "దమ్ పోతాంది" అని పందిట్లో నిలబడి చెప్పాడు, చావు కబురు చెప్పే గొంతుతో. వంటాయన గరిటె పట్టుకుని వెంటపడ్డాడు. ఆ రోజు అన్నం పలుకు మీదే దిగిందని చాచా భార్య అజ్మత్ బీ ఇప్పటికీ చెబుతుంది.

చాచా నవ్వగా చూసినవాళ్లు లేరు. నవ్వడానికి కారణాలూ పెద్దగా లేవు. కొత్త కార్ల రబ్బర్లు ఏళ్ల తరబడి పాడు కావు. పాత కార్లేమో తుక్కుకు పోతున్నాయి. దుకాణంలో వేలాడే నల్ల రబ్బరు చుట్టల మీద నెలల దుమ్ము ఉంటుంది. నెలకు ఒక్క కారు వస్తే గొప్ప.

పరమేష్ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. దుమ్ము రేణువును కొలిచే మైక్రాన్ ఎంత చిన్నదో తెలిసినవాడు కాబట్టి అతని భయం కూడా అంత సన్నగా, అన్ని సందుల్లోంచీ దూరేది. మూడేళ్ల కూతురు పూజకు దుమ్ము తగిలితే పిల్లికూతలు మొదలవుతాయి. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసిందో డైరీలో రాసిపెడతాడు. జిల్లా కేంద్రం నారాయణపేటకు మారినా పిల్లల డాక్టరు కోసం పాత కేంద్రం పాలమూరే పోవాలి. దారి పొడుగునా రోడ్డు వెడల్పు పనులు. బస్సు కిటికీలు మూతపడవు. ఉన్నది నాయిన వదిలిపోయిన ఈ పద్మిని ఒక్కటే.

"గీ రబ్బరు ఎవడేసిండు?" అన్నాడు చాచా.

"నేనే చాచా. వీడియో చూసి."

"జానెడు తక్కువ పడ్డది. గుంజి అంటించినవ్."

"నీకెట్ల తెలిసింది?"

"గుంజి కూసోబెడితే వారం దినాలు నీ మాట ఇంటది. తర్వాత దాని జాగకు అది పోతది. మూలలు సూడు, నోరు తెరిసినయ్." వెనక సీటు వైపు వంగి అడిగాడు. "పాప ఏడ కూసుంటది? పొడుగెంత?"

రబ్బరుకూ పాప పొడుగుకూ సంబంధమేమిటో పరమేష్‌కు అర్థం కాలేదు. అయినా చెప్పాడు.

పోతూ పోతూ చాచా, పరమేష్ ఇంటి తలుపుకూ టికెట్ పెట్టి లాగాడు. కదల్లేదు. కిటికీల అంచులన్నిటికీ గోధుమరంగు టేపు అంటించి ఉంది. అద్దం వెనక పూజ ముక్కు చప్పిడిగా నొక్కుకుని బయటికి చూస్తోంది.

"శానా మంచిగ మూసినవ్ సారూ," అన్నాడు. పరమేష్ దాన్ని మెప్పు అనుకున్నాడు.

శనివారం తీసుకుపోయిన కారు సోమవారం ఇస్తానన్నాడు. గురువారం డాక్టరు దగ్గరికి పోవాలి. మంగళవారం పరమేష్ ఫోన్ చేశాడు.

"అయిపోయిందా చాచా?"

"అయిపోయింది."

"వచ్చి తీస్కపోవాల్నా?"

"వద్దు."

బుధవారం సాయంత్రం పోయి చూస్తే దుకాణానికి తాళం. పక్కన పాన్ డబ్బా గుర్వయ్య సున్నం రాస్తూ చెప్పాడు. "రోజూ నాలుగు గొట్టంగనే మీ కారుల షికారు పోతుండ్రు సారూ, మొగుడూ పెండ్లాం. ఈ వయసుల ఏం సోకో."

పరమేష్‌కు ఒళ్లు మండింది. స్కూటర్ మీద రోడ్డు పనుల వైపు బయల్దేరాడు. మైలు దూరం పోయేసరికి ఒక టిప్పరు, దాని వెనక దుమ్ము మబ్బు, ఆ మబ్బులో పద్మిని కనిపించాయి. దాటిపోయే జాగా ఉన్నా కారు దాటడం లేదు. టిప్పరు తోకపట్టుకుని పోతోంది. పరమేష్ ముందుకెళ్లి కారుకు స్కూటర్ అడ్డం నిలబెట్టాడు.

స్టీరింగ్ దగ్గర బుర్ఖాలో అజ్మత్ బీ ఉంది. వెనక సీట్లో, సరిగ్గా పూజ కూర్చునే చోట, మోకాళ్లు గడ్డానికి ఆనించి, మూడేళ్ల పిల్లంత ఎత్తుకు ముడుచుకుని కరీం చాచా ఉన్నాడు.

"ముప్పై ఏండ్ల సంది గిదే సర్కస్ బిడ్డా," అంది అజ్మత్ బీ అద్దం దించి. "ఈయన ఎన్కసీట్ల కూసోని పరీక్ష జెయ్యాలె. అందుకోసం నేను డ్రైవింగ్ నేర్సుకోవాలె. దగ్గొచ్చిందంటె ఇంటికి పోవుడు, రబ్బరు ఊడపీకుడు, మళ్ల అంటించుడు."

"దగ్గెందుకు చాచీ?"

"గా జిగురు వాసన పీల్చి పీల్చి ఈయన ఛాతీ ఖరాబైంది. జర దుమ్ము దూరినా పిల్లికూతలే. నీ బిడ్డ తీరే."

దుమ్ము రాకుండా అజ్మత్ బీ అద్దం మళ్లీ ఎక్కించింది. చాచా దిగి నడుము పట్టుకున్నాడు. "సోమారం పదకొండు సార్లు దగ్గిన. నిన్న నాలుగు. కీలు జారి తలుపు కిందికి వాలింది, అది లేపిన. ఇయ్యాల సున్న. ఇగ తీస్కపో."

తన డైరీలాంటిదే ఇంకొకటి ఊళ్లో ఉందని పరమేష్‌కు అప్పటిదాకా తెలియదు. వెనక తలుపు వెయ్యబోయాడు. పడలేదు. గట్టిగా వేశాడు. ఎగిరి మళ్లీ వచ్చింది.

"పట్టలేదు చాచా. రబ్బరు మందమైందా?"

"సైన్సు సారువు నువ్వే అడిగితె ఎట్ల? నాలుగు దిక్కుల బందు జేస్తివి. లోపలి గాలి ఏడికి పోవాలె?"

చాచా ముందు అద్దం కొద్దిగా దింపించి, సందులో టికెట్ పెట్టి వెనక తలుపు వేశాడు. మెత్తగా పడింది. అద్దం ఎక్కించమని చెప్పి, టికెట్ పట్టుకుని లాగాడు. టికెట్ సగానికి చినిగింది. చేతిలో మిగిలిన ముక్కను చూసి చాచా నవ్వాడు. కొత్త పళ్ల సెట్టుకు నిజంగానే సందు ఉందని పరమేష్‌కు అప్పుడు కనిపించింది.

పూజ పిల్లికూతలు పూర్తిగా పోలేదు. డైరీలో అంకెలు ఇంకా ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. కానీ పెరటి వైపు కిటికీకి టేపు లేదు. అది మూసుకుపోకుండా చట్రంలో మడిచిపెట్టిన సగం బస్సు టికెట్ ఉంది. ఇప్పుడు టిప్పర్లు తిరిగే వేళకు పరమేష్ ఇల్లంతా మూస్తూ వస్తాడు. చివరి తలుపు దగ్గర మాత్రం ఆగుతాడు. ఆ రోజు దుమ్ములో నిలబడి చాచా అన్న మాట అప్పుడు గుర్తుకొస్తుంది.

"అన్నీ ముయ్యి సారూ, వద్దంటలేను. ఆఖరి తలుపు ఏసేముందు ఒక అద్దం ఏలెడంత దించు."